విప్పి చూసి, మళ్ళీ బిగించిన మనిషి: జి.డి. నాయుడు



శాస్త్రవేత్త అంటే పెద్ద చదువులు చదివినవాళ్ళే అనుకుంటాం. చదువు పెద్దగా సాగకపోయినా యంత్రాల గుట్టు తెలుసుకున్న ఒక మనిషి గురించి ఈసారి రాస్తున్నాను. ఆయన పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే ఊళ్ళో, తెలుగు మాట్లాడే రైతు కుటుంబంలో పుట్టారు.

కుర్రతనంలో ఒక ఇంగ్లీషు అధికారి మోటారు సైకిలు చూసి ఆయనకి మతిపోయింది. కొనడానికి డబ్బుల్లేవు. కోయంబత్తూరు వెళ్ళి హోటల్లో సర్వరుగా పనిచేసి, పైసా పైసా కూడబెట్టి ఆ బండినే కొన్నారు. కొని తిరగడంతో ఊరుకోలేదు. మొత్తం విప్పి, మళ్ళీ బిగించారు. అదే ఆయన బడి.

1920లో ఒక బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళని దాకా తనే నడిపారు. ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద సంస్థ అయింది. 1930లలో నీలగిరి కొండల్లోని పైకారా నది నీళ్ళతో తీసిన కరెంటు కోయంబత్తూరుకి వచ్చింది. కరెంటు వస్తే చాలదు గదా, దాంతో తిరిగే మోటారు కావాలి. అప్పట్లో మోటార్లు విదేశాల నుంచే రావాలి. నాయుడు గారు, డి. బాలసుందరం నాయుడు గారు కలిసి 1937లో పీలమేడులో మోటారు తయారు చేశారు. మన దేశంలో తయారైన మొదటి విద్యుత్ మోటారు అదేనని చెప్తారు. తర్వాత కోయంబత్తూరు మోటార్లకీ పంపులకీ పేరుపొందిన ఊరయింది.

ఈ సంగతి నాకెందుకు పట్టిందంటే, పామర్రులో మా పెదనాన్న ఇంటి వెనక షెడ్డులో లేత్ మిషను ఉంది. దాన్ని తిప్పేది త్రీఫేజు మోటారు. ఇంట్లో బల్బుకి ఒక ఫేజు, ఒక న్యూట్రల్ చాలు. ఈ మోటారుకి మూడు ఫేజులు కావాలి. ఏ రెండు ఫేజుల మధ్య చూసినా సుమారు 415 వోల్టులు. మూడూ ఒకేసారి కాక ఒకదాని వెనక ఒకటి లాగుతాయి, అందుకే మోటారు తనంతట తనే తిరగడం మొదలెడుతుంది. ఏవైనా రెండు ఫేజు వైర్లు మార్చి కలిపితే ఎదురు తిరుగుతుంది. తిరుగుతుండగా ఒక ఫేజు పోతే మాత్రం బరువంతా మిగిలిన రెండింటి మీద పడి, వైండింగు వేడెక్కి కాలిపోతుంది.

ఒకసారి వరికోతల రోజుల్లో అలాగే అయింది. ఫ్యూజు ఒకటి పోయింది, మోటారు కాలింది. రీవైండింగు అయ్యేదాకా పని లేదు, ఇంట్లో డబ్బుల్లేవు. ఆ తర్వాత లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ వచ్చి, ఫేజు పోగానే మోటారుని ఆపేసే ప్రివెంటరు స్టార్టరుకి పెట్టాడు, మోటారు బాడీకి ఎర్తు గట్టిగా వేశాడు. మెయిను ఆపి, టెస్టరుతో మూడు వైర్లూ చూశాకే చెయ్యి పెట్టాడు.

నాయుడు గారు మోటార్లతో ఆగలేదు. ఎలక్ట్రిక్ రేజరు, చవక రేడియో చేశారు. 1945లో ఆయన చొరవతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. నాలుగేళ్ళ చదువు చేత్తో పని చేయిస్తే రెండేళ్ళలో నేర్పొచ్చని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ప్రిన్సిపాల్ పదవి వదిలేశారు గానీ మాట వదల్లేదు. 1974 జనవరి 4న కన్నుమూశారు.

మిత్రులారా, యంత్రాన్ని విప్పడం ఎవరికైనా వస్తుంది. ఏ మేకు ఎక్కడిదో గుర్తుపెట్టుకుని తిరిగి బిగించడమే విద్య. కరెంటు విషయంలో ఇంకోటి కూడా ఉంది: ముందు మెయిను ఆపాలి. తెలియకుండా స్విచ్చి బోర్డు మీద చెయ్యి వేస్తే రెండోసారి నేర్చుకునే అవకాశం ఉండదు. పదో తరగతి అయ్యాక నేను ఐటిఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడుకి దరఖాస్తు పెడతాను. మనలాంటి ఇళ్ళ పిల్లలకి అది చిన్న చదువు అని ఎవరన్నా అంటే, నాయుడు గారి జీవితం చెప్పండి.