ప్రీస్ట్‌లీ – సోడానీరు

పొడవాటి గాజుగ్లాసు అడుగున పండ్ల పాకం పోస్తారు. పెద్దవారి కొరకైతే నారింజ వాసన గల లికర్ అనే తియ్యని మద్యం కొంచెం కలుపుతారు. దానిపై చల్లని సోడా మెల్లగా వంచి, చివరకు ఒక ఐస్‌క్రీము ముద్దను జారవిడుస్తారు. ముద్ద తగిలిన మరుక్షణం నురుగు పొంగి అంచు దాటుతుంది. సోడాలో అణగి ఉన్న వాయువు ఐస్‌క్రీములోని మంచు పలుకులను, గాలి బుడగలను ఆధారం చేసికొని బయటపడుతుంది. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు ఆ బుడగలకు పొరయై వెంటనే పగిలిపోకుండ కాపాడుతవి. పాశ్చాత్యులు ఫ్లోట్ అని పిలిచే ఈ పానీయంలో పండు, మద్యం ఎవరి ఇష్టం వారివి. సోడా లేనిదే మాత్రం పొంగు లేదు. ఆ సోడానీటిని సులభంగా తయారుచేసే ఉపాయాన్ని లోకానికి వెల్లడించినవాడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ. మన పాఠ్యపుస్తకాలు ఆయనను ప్రాణవాయువుతోనే ముడివేసి విడిచిపెట్టినవి.

ఆయన 1733లో ఇంగ్లండులోని లీడ్స్ సమీపాన, ఉన్నిబట్టలకు మెరుగుపెట్టే వృత్తివారి ఇంట జన్మించినాడు. తల్లి చిన్ననాడే పోగా మేనత్త పెంచింది. మాటలో నత్తి; అయినను మతబోధకుడు కావలెనని పట్టుదల. కుటుంబం రాజమతానికి లోబడని శాఖకు చెందినందున ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి ద్వారాలు ఆయనకు మూతపడినవి. ఆ శాఖవారు నడిపిన విద్యాలయంలో చదివి, బోధకుడై, తరువాత ఉపాధ్యాయుడైనాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రోత్సాహంతో వ్రాసిన విద్యుచ్ఛక్తి చరిత్ర 1767లో వెలువడింది. పెన్సిలు గీతలను రబ్బరు చెరపగలదని 1770లో గ్రంథస్థం చేసినదీ ఈయనే. మన విద్యార్థులు ఆయనకు ఆ విధంగా కూడ ఋణపడి ఉన్నారు.

1767లో లీడ్స్ నగరానికి బోధకుడుగా వచ్చినప్పుడు ఆయన బస ప్రక్కనే బీరు తయారుచేసే కర్మాగారం ఉన్నది. తొట్టెలలో పులుస్తున్న బీరుపై ఒక బరువైన వాయువు పరచుకొని ఉండేది. వెలిగించిన పుల్లను అందులో ముంచితే ఆరిపోయేది. అది బొగ్గుపులుసు వాయువు. ప్రీస్ట్‌లీ రెండు పాత్రలు తీసికొని, ఆ తొట్టెపై ఒకదానినుండి మరొకదానిలోనికి నీటిని పదేపదే పోసినాడు. నీటికి ఇంపైన పులుపు పట్టింది. తరువాత సుద్దపై గంధకామ్లం పోసి అదే వాయువును పుట్టించి, తిత్తిద్వారా నీటిలోనికి పంపే పద్ధతిని 1772లో చిన్న పుస్తకంగా ప్రకటించినాడు. ఈ నీరు నావికుల స్కర్వీ వ్యాధిని మాన్పునని ఆయన ఆశ. అది పొరపాటే; దాని మందు నిమ్మజాతి పండ్లలో ఉన్నది. రాయల్ సొసైటీ కాప్లీ పతకం ఇచ్చి గౌరవించింది. పతకం తప్ప ఆయనకు ముట్టినది లేదు. పద్ధతిని దాచుకొనలేదు, హక్కు కోరలేదు. జెనీవాలో జేకబ్ ష్వెప్ 1783లో సోడా వ్యాపారం ప్రారంభించి ప్రఖ్యాతి గడించినాడు. మన ఊళ్ళ గోలీసోడా సీసాలో గోలీని గొంతుకు అదిమి ఉంచేదీ ఆ వాయువే!

1774 ఆగస్టు 1న ఎర్రని పాదరస భస్మంపై భూతద్దంతో ఎండను కేంద్రీకరించగా వెలువడిన వాయువులో కొవ్వొత్తి దేదీప్యమానంగా వెలిగింది. అదే ప్రాణవాయువు. ఆ సంగతిని అదే సంవత్సరం పారిస్‌లో లవాజియేకు తానే చెప్పినాడు. లవాజియే దానితో దహనక్రియకు కొత్త అర్థం చెప్పగా, ప్రీస్ట్‌లీ మాత్రం మండే వస్తువులనుండి ఫ్లోజిస్టన్ అనే పదార్థం వెలువడుతుందన్న పాత సిద్ధాంతాన్ని చివరివరకు వీడలేదు. ఇంత నిశితమైన చూపు గలవాడు తన చేతికందిన సత్యాన్ని గుర్తించకపోవడం వింతగానే తోస్తుంది.

మత విషయాలలోను, రాజకీయాలలోను తోచినది నిర్భయంగా వ్రాసే ఆయనకు శత్రువులు పెరిగినారు. 1791 జూలై 14న బర్మింగ్‌హాంలో కొందరు ఫ్రెంచి విప్లవ వార్షికోత్సవం పేర విందు చేసికొన్నారు. ప్రీస్ట్‌లీ ఆ విందుకు వెళ్ళనే లేదు. అయినను అల్లరిమూక ఆయన ప్రార్థనామందిరాన్ని తగులబెట్టి, ఇంటిపై పడింది. ఆయన, భార్య ప్రాణాలతో తప్పించుకొన్నారు. పుస్తకాలు, పరికరాలు, ఏండ్ల తరబడి వ్రాసిన ప్రతులు నాశనమైనవి. 1794లో అమెరికాకు పయనమైన ఆయన ఇంకా సముద్రంపై ఉండగానే పారిస్‌లో లవాజియే తల నరికినారు.

పెన్సిల్వేనియా రాష్ట్రంలో నార్తంబర్లండు అనే చిన్న ఊరిలో ఇల్లు, ప్రయోగశాల కట్టుకొన్నాడు. 1795లో చిన్న కుమారుడు, మరుసటి ఏడు భార్య మరణించినారు. ఫిలడెల్ఫియాలో రసాయనశాస్త్ర ఆచార్య పదవి రాగా వలదన్నాడు. 1804 ఫిబ్రవరి 6న కన్నుమూసినాడు.

ప్రాణవాయువుకు నూరేండ్లు నిండిన 1874లో అమెరికా రసాయన శాస్త్రజ్ఞులు నార్తంబర్లండులో సమావేశమైనారు. అదే సంవత్సరం ఫిలడెల్ఫియాలో, ఆయన మిత్రుడు ఫ్రాంక్లిన్ పేర వెలసిన సంస్థ స్వర్ణోత్సవ ప్రదర్శనలో, రాబర్ట్ గ్రీన్ అనే సోడా వర్తకుడు మీగడకు బదులుగా సోడాలో ఐస్‌క్రీము వేసి అమ్మినాడని ప్రసిద్ధి.