బంతికి బతుకునిచ్చిన బడిపంతులు
ఫుట్‌బాల్ గురువు రహీం జీవితం.. రగ్బీ లీగ్‌కూ పాఠమే

మాచర్ల: అది 1962 సెప్టెంబరు 4. ఇండోనేషియా రాజధాని జకార్తాలోని సెనయన్ మైదానం సుమారు లక్ష మంది ప్రేక్షకులతో కిటకిటలాడుతోంది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ తుదిపోరులో భారత్, దక్షిణ కొరియా తలపడుతున్నాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి ఒకరు తప్పుపట్టారు. దాంతో స్థానికులు ఆగ్రహంతో రగిలిపోతున్నారు. మన ఆటగాళ్లు బంతిని తాకితే చాలు, ఈలలు, కేకలతో మైదానం హోరెత్తుతోంది. ఆ హోరు నడుమ మైదానం అంచున ఓ హైదరాబాదీ మౌనంగా కూర్చుని ఉన్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్ అప్పటికే ఆయనను లోలోపల తినేస్తోంది. ఆట ముగిసేసరికి భారత్ 2-1తో గెలిచి పసిడి పతకం అందుకుంది. ఆ హైదరాబాదీయే సయ్యద్ అబ్దుల్ రహీం. దేశమంతా రహీం సాబ్ అని పిలుచుకున్న ఫుట్‌బాల్ గురువు.

ఆరు దశాబ్దాలు దాటిన తర్వాత ఆయన జీవితాన్ని తిరిగి గుర్తు చేసుకోవలసిన సందర్భం ఒకటి వచ్చింది. 2025 జూన్‌లో ముంబయిలో తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ జరిగింది. జట్టుకు ఏడుగురు చొప్పున ఆడే ఈ పోటీల్లో ఆరు జట్లు తలపడగా, వాటిలో హైదరాబాద్ హీరోస్ ఒకటి. తెలుగునేలకు అంతగా పరిచయం లేని ఈ ఆట ఇక్కడ వేళ్లూనుకుంటుందా అన్నదే ప్రశ్న. రగ్బీ, ఫుట్‌బాల్ ఒక తల్లి బిడ్డల్లాంటివి. రెండూ 19వ శతాబ్దంలో ఇంగ్లాండు పాఠశాలల మైదానాల నుంచి వచ్చినవే. ఒకటి మన గడ్డపై ఎందుకు నిలవలేదో, మరొకటి హైదరాబాద్‌లో ఎలా వెలిగిందో తెలుసుకుంటే ఆ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

వెండి రూపాయలు కరిగించి..

మన దేశంలో రగ్బీ చరిత్ర చిన్నదేమీ కాదు. 1873లో కలకత్తాలోని ఆంగ్లేయులు రగ్బీ ఆడేందుకు ఒక క్లబ్బు పెట్టుకున్నారు. ఆడేవారిలో సైనికులు, వ్యాపారులే ఎక్కువ. పటాలం బదిలీ అయ్యింది. ఉన్నవారు పోలో, టెన్నిస్ వైపు మళ్లారు. అయిదేళ్లకే క్లబ్బు మూతపడింది. ఖాతాలో మిగిలిన సొమ్మును వెండి రూపాయలుగా తీసుకుని, కరిగించి, నాగుపాముల పిడులు, మూతపై ఏనుగు బొమ్మతో కప్పు చేయించి ఇంగ్లాండు రగ్బీ సంఘానికి పంపారు. 1879 నుంచి ఇంగ్లాండు, స్కాట్లాండు జట్లు పోటీపడుతున్న కలకత్తా కప్ అదే. కప్పు సముద్రం దాటి చిరకీర్తి పొందింది. ఆట మాత్రం ఇక్కడి పిల్లల కాళ్లకు అందలేదు. ఆడేవారు ఊరివారు కాకపోవడమే అందుకు ముఖ్య కారణం.

కాచిగూడ బడి నుంచి..

రహీం కథ ఇందుకు పూర్తిగా భిన్నం. ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆ జట్టు తరఫున ఆడారు. ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలోనూ డిప్లొమా పొందారు. 1940వ దశకంలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా స్థానిక పోటీలకు ఒక క్రమం తీసుకొచ్చారు.

బోధనే ఆయన ప్రాణం. బడిలో పాఠం చెప్పినట్లే మైదానంలోనూ ఒక్కో మెట్టూ ఎక్కించేవారు. బంతిని తన దగ్గరే ఉంచుకుని ఒంటరి విన్యాసాలు చేయడం నిషిద్ధమంటూ పిల్లలకు ప్రత్యేక పోటీలు నడిపారు. వాటం లేని కాలితోనే బంతిని తన్నాలన్న నిబంధనతో ఇంకొన్ని పోటీలు పెట్టారు. బంతి వచ్చిన వెంటనే తోటివాడికి అందించడం, రెండు కాళ్లనూ సమానంగా వాడడం హైదరాబాద్ ఆటకు అలా అలవడ్డాయి.

కొలువే కొండంత అండ

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యతలు చేపట్టారు. ఆ జట్టు బలమంతా దాని ఏర్పాటులోనే ఉంది. ఆటగాళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు. జీతం శాఖది, చెమట మైదానానిది. ఆటే పూర్తి వృత్తి కాదు, అలాగని ఖాళీ సమయపు వినోదమూ కాదు. కాలు విరిగినా, వయసు మళ్లినా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా పేదింటి పిల్లలను మైదానానికి రప్పించింది.

ఫలితం దేశమంతా చూసింది. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ ఆ జట్టుదే. 1950లో డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో మోహన్ బగాన్‌ను ఓడించింది. 1954, 1957లలోనూ డ్యూరాండ్ గెలిచింది. ఆంధ్ర పోలీస్‌గా మారాక 1961లో మరోసారి అదే కప్పు నెగ్గింది. సంతోష్ ట్రోఫీలో హైదరాబాద్ 1956-57, 1957-58లలో వరుసగా విజేతగా నిలిచింది. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడకు చెందిన పేదింటి కుర్రాడు తులసీదాస్ బలరాంలో ప్రతిభను గుర్తించిన రహీం, శిక్షణకు వచ్చిపోయేందుకు అద్దె సైకిలు ఖర్చు కూడా తానే భరించారు. ఆ కుర్రాడు రెండు ఒలింపిక్స్‌లో దేశానికి ఆడాడు.

ఓటమి నేర్పిన పాఠం

రహీం శిక్షణలో భారత్ 1951 ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో ఘోర పరాభవం ఎదురైంది. చలిలో చాలామంది ఉత్తకాళ్లతో ఆడిన మన జట్టు యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ తర్వాతే బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాడు ప్రపంచాన్ని అబ్బురపరిచిన హంగరీ ఆటతీరును రహీం లోతుగా అధ్యయనం చేసి మన ఆటగాళ్లకు తగినట్లు మలిచారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది.

జకార్తాలో చాపకూడు

జకార్తా ప్రయాణం ఓటమితోనే మొదలైంది. తొలి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో గెలిచింది. థాయ్‌లాండ్‌తో ఆటలో రక్షణ శ్రేణికి ఆయువుపట్టయిన జర్నైల్ సింగ్ తల పగిలింది. కుట్లు వేయించుకున్న అతడిని రహీం ఇంటికి పంపలేదు. దాడి చేసే స్థానంలోకి మార్చారు. తుదిపోరులో పి.కె.బెనర్జీ తొలి గోల్ చేయగా, రెండో గోల్ చేసింది ఆ జర్నైలే. ఆట మొదలైన 20 నిమిషాల్లోనే రెండు గోల్స్ వచ్చేశాయి.

పలనాటి బ్రహ్మనాయుడు మాచర్లలో అన్ని కులాలవారినీ ఒక చాపపై కూర్చోబెట్టి భోజనం పెట్టించాడన్న గాథ ఈ ప్రాంతంలో పసిపిల్లలకూ తెలుసు. రహీం జట్టు కూడా అలాంటి పంక్తే. బెంగాలీ కెప్టెన్ చునీ గోస్వామి, పంజాబ్ సిక్కు జర్నైల్, గోవా మూలాలున్న ఫ్రాంకో, హైదరాబాద్ నుంచి బలరాం, యూసుఫ్ ఖాన్, పీటర్ తంగరాజ్.. అందరినీ ఒక్క మాటపై నడిపించారు.

ఆయన వెంటే పోయిన విద్య

జకార్తా నుంచి తిరిగొచ్చాక వ్యాధి ముదిరింది. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్లు. ఆయన కుమారుడు ఎస్.ఎస్.హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టు సభ్యుడు. 2021లో మరణించారు. 2024లో విడుదలైన హిందీ చిత్రం మైదాన్ రహీం పేరును కొత్త తరానికి పరిచయం చేసింది.

ఆయన పోయాక భారత్ ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం గెలవలేదు. పోలీసు జట్టు వైభవమూ క్రమంగా మసకబారింది. 2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచినా, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. కలకత్తా రగ్బీ క్లబ్బుకు పట్టిన గతి గుర్తుకు రాక మానదు. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బుతోనే వెళ్లిపోతుంది. ఊరి బడి, ఊరి లీగు, చేతిలో కొలువు కలిసినప్పుడే ఆట ఊరిలో నిలుస్తుంది.

పోలీసు ఉద్యోగం కోసం వేకువనే మైదానాల్లో పరుగు తీసే యువకులు మాచర్ల, గురజాల ప్రాంతాల్లో నేటికీ కనిపిస్తారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. రగ్బీ అయినా ఫుట్‌బాల్ అయినా, పరుగూ కొలువూ కలిసే చోట ఒక బంతిని, దాన్ని ఓపికగా నేర్పే ఒక పంతులును ఉంచడమే మిగిలిన పని. ఒకప్పుడు హైదరాబాద్‌లో రహీం చేసింది అంతే.