తిరిగి పంపిన కానుక

1889 క్రిస్మస్. అమెరికాలోని షికాగో నగరం, హాల్‌స్టెడ్ వీధిలో ఓ పాత ఇల్లు. ఇరుగుపొరుగు పిల్లల్ని పిలిచి పండుగ చేస్తున్నారు. మిఠాయిలు పంచుతుంటే కొందరు చిన్నారి ఆడపిల్లలు మాత్రం వద్దన్నారు. కారణం వాళ్ళే చెప్పారు. ఆ పిల్లలు మిఠాయి ఫ్యాక్టరీలో కూలీలు. పండుగ గిరాకీ కోసం ఆరు వారాలుగా పొద్దున ఏడింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా పని చేశారు. మిఠాయి కంటపడితేనే వాళ్ళకు వెగటు పుడుతోంది.

ఆ ఇల్లు హల్‌హౌస్. దాన్ని తెరిచి అప్పటికి మూడు నెలలే అయింది. తెరిచిన జేన్ ఆడమ్స్‌కు 29 ఏళ్ళు.

ఆమె 1860 సెప్టెంబరు 6న ఇల్లినాయ్ రాష్ట్రంలోని సీడర్‌విల్ అనే పల్లెలో పుట్టింది. రెండేళ్ళ ప్రాయంలోనే తల్లి పోయింది. వెన్నెముక జబ్బు చిన్నప్పుడే పట్టుకుని జీవితమంతా వేధించింది. తండ్రి జాన్ ఆడమ్స్ పిండిమర యజమాని, రాష్ట్ర సెనేటర్, అబ్రహాం లింకన్‌కు స్నేహితుడు. ఆయనకు లంచం ఇవ్వజూపే సాహసం కూడా ఎవరూ చేయరని చుట్టుపక్కల చెప్పుకునేవారు. ఈ మాటతో మనకు తరువాత పని పడుతుంది, గుర్తుంచుకోండి.

రాక్‌ఫర్డ్ సెమినరీలో చదివే రోజుల్లో మిషనరీగా విదేశాలకు వెళ్ళమని అధ్యాపకులు చాలా ఒత్తిడి తెచ్చారు. ఆమె లొంగలేదు. 1881లో చదువు పూర్తయింది, ఆ వేసవిలోనే తండ్రి హఠాత్తుగా చనిపోయాడు. దాదాపు 50 వేల డాలర్ల ఆస్తి చేతికొచ్చింది. వైద్య విద్యలో చేరి, అనారోగ్యంతో మానేసింది. ఆ తరువాత ఏడెనిమిదేళ్ళు ఏం చేయాలో తోచక గడిపింది. ఐరోపా వెళ్ళింది, చిత్రశాలలు చూసింది, భాషలు నేర్చుకుంది. ఆ యాత్రల నడుమ సొంత ఊళ్ళో బాప్తిస్మం పొంది ప్రెస్బిటేరియన్ సంఘంలో చేరింది. సౌకర్యంగా బతికే విశ్వాసికి కలిగే ఆ వెలితి ఎలాంటిదో మాకూ కొంత తెలుసు.

1883లో లండన్ తూర్పు ప్రాంతంలో ఓ శనివారం అర్ధరాత్రి ఆమె ఒక దృశ్యం చూసింది. కుళ్ళిపోతున్న కూరగాయల్ని వేలం వేస్తుంటే, వాటికోసం వందల చేతులు పైకి లేచాయి. ఆ చేతులు ఆమెను వదల్లేదు. 1888లో అదే లండన్‌లో టాయిన్‌బీ హాల్ చూసింది. చదువుకున్న యువకులు బీదల పేటలోనే కాపురముండి వాళ్ళకు చదువు చెప్పే ఇల్లు అది. స్నేహితురాలు ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి షికాగోలో అలాంటి ఇల్లే పెట్టాలని నిశ్చయించుకుంది. 1889 సెప్టెంబరు 18న వాళ్ళిద్దరూ హల్‌హౌస్‌లో కాపురం పెట్టారు. ఇంటికి ఒకవైపు సారాకొట్టు, మరోవైపు శవపేటికల దుకాణం.

చుట్టూ ఇటలీ నుంచి, జర్మనీ నుంచి, రష్యా నుంచి, పోలండ్ నుంచి, ఐర్లండ్ నుంచి, గ్రీసు నుంచి బతకడానికొచ్చిన కుటుంబాలు. చాలామందికి ఇంగ్లిష్ రాదు, కొందరికి సొంత భాషలో సంతకమూ రాదు. ఈ చదువుకున్న స్త్రీలు మొదట్లో ఏం చేశారనుకున్నారు? జార్జ్ ఇలియట్ నవల ‘రొమోలా’ చదివి వినిపించారు! నవ్వుకునే హక్కు మాకు లేదు. సెమినరీ నుంచి వచ్చిన కొత్తలో మేమూ తాపీ కూలీల ముందు గ్రీకు క్రియాపదాలు విడదీసిన వాళ్ళమే. ఆమె త్వరగానే దారికొచ్చింది. పని దిగి వచ్చినవాళ్ళ కోసం రాత్రివేళ ఇంగ్లిష్ తరగతులు, పౌరసత్వం కోసం కావలసిన పాఠాలు, పగలు పసిపిల్లల బడి నడిచాయి. రెండో ఏడాదికల్లా వారానికి రెండువేల మంది ఆ గడప తొక్కుతున్నారు.

ఇదంతా ఎవరి డబ్బుతో? మొదట తన వారసత్వపు సొమ్ముతో. ఇంటి యజమానురాలు హెలెన్ కల్వర్ కొద్దికాలానికే అద్దె మానేసింది. మేరీ రోజెట్ స్మిత్, లూయీజ్ బోవెన్ వంటి సంపన్న స్త్రీలు ఏళ్ళ తరబడి ఇచ్చారు. అక్కడ నివసించి పాఠాలు చెప్పేవాళ్ళకు జీతం లేదు సరికదా, తమ గదికీ తిండికీ తామే చెల్లించుకునేవారు. అయినా ఖర్చు పెరుగుతూనే వచ్చింది.

ఇంతలో పక్కనున్న ఓ ఫ్యాక్టరీలో ఒకే యంత్రం వల్ల ముగ్గురు కుర్రాళ్ళు గాయపడ్డారు. వాళ్ళు హల్‌హౌస్ పిల్లల క్లబ్బులోని వాళ్ళే. ఒకడు చనిపోయాడు. కొద్ది డాలర్ల ఖరీదుచేసే అడ్డుకవచం ఆ యంత్రానికి ఉంటే అది జరిగేది కాదు. యజమానులు బాధపడి ఏదైనా చేస్తారని ఆమె నమ్మింది. వాళ్ళు ఏమీ చేయలేదు. అజాగ్రత్త వల్ల బిడ్డకు ఏం జరిగినా నష్టపరిహారం అడగబోమని తల్లిదండ్రుల చేత ముందే కాగితాలపై సంతకాలు తీసుకున్నారు. వాటిలో ఏముందో చదవగలిగి సంతకం పెట్టినవాళ్ళు ఎంతమంది ఉంటారో, ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసే మనుషుల్ని చూసిన మన పాఠకులే ఊహించుకోవాలి.

అక్కడి నుంచి ఆమె పరిచర్య మలుపు తిరిగింది. అక్షరం నేర్పితే సరిపోదు, ఆ కాగితాన్ని రాయించే చేతిని అడ్డుకునే చట్టం కూడా కావాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి వెళ్ళిన మన ఆడవాళ్ళూ పలకతో ఆగలేదు, సారా దుకాణం మీదికి నడిచారు కదా! హల్‌హౌస్‌లో నివసించే ఫ్లోరెన్స్ కెల్లీ చీకటి గదుల కుట్టుపని మీద వివరాలు సేకరించింది. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనిలో పెట్టకూడదనే చట్టం కోసం వాళ్ళంతా పట్టుబట్టారు.

అప్పుడు ఒక పెద్దమనిషి వచ్చాడు. ఈ చట్టం గొడవ వదిలేస్తే కొందరు వ్యాపారులు రెండు రోజుల్లో 50 వేల డాలర్లు ఇస్తారనీ, హల్‌హౌస్‌లో ఏ మంచి పనికైనా వాడుకోవచ్చుననీ అన్నాడు. తండ్రి తనకు విడిచిపోయిన మొత్తం ఆస్తి ఎంతో, దాదాపు అంత. ఎన్ని తరగతులు నడపొచ్చు దానితో! ఆమెకు మాత్రం కోపం కంటే ముందు సిగ్గు కలిగింది. తండ్రికి ఎన్నడూ ఎవరూ లంచం ఇవ్వజూపలేదు, మరి తనలో ఏం చూసి ఇతను వచ్చాడని లోలోపల కుమిలిపోయింది. డబ్బు వద్దంది. 1893లో చట్టం వచ్చింది.

ఇంకోసారి పనిచేసే అమ్మాయిల వసతిగృహానికి భవనం కావలసి వచ్చింది. హల్‌హౌస్ ధర్మకర్త ఒకరు ఎంతో సంతోషంగా 20 వేల డాలర్ల దాతను తీసుకొచ్చాడు. ఆ దాత తన దగ్గర పనిచేసే అమ్మాయిలకు అతి తక్కువ జీతాలిస్తాడని ఊరంతా ఎరుగును. అమ్మాయిల కూలిలోంచి మిగుల్చుకున్న సొమ్ముతో అమ్మాయిలకు ఇల్లు కట్టడమా? తిప్పి పంపేశారు. తెచ్చిన ధర్మకర్త తలెత్తుకోలేకపోయాడు. భవనం 1898లో వేరే డబ్బుతో లేచింది.

ముప్పై వెండినాణేలు యూదా దేవాలయం నేలమీద పడినప్పుడు, ఆ ప్రధానయాజకులు సైతం వాటిని కానుకపెట్టెలో వేయడానికి జంకారు. కోతకూలీల నుంచి బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. ఈ రెండు భాగాల మీదా మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. కాని పరీక్ష వచ్చినప్పుడు తెలిసింది అదెంత కష్టమో. ఇళ్ళల్లో పనిచేసే అక్కల కోసం మా సంఘంలో సాయంత్రం బడి నడిపేవాళ్ళం. బస్సు బోర్డు, మందుచీటీ, ఆపైన బైబిలు చదవడం నేర్పేవాళ్ళం. మద్యం దుకాణాలున్న ఒకాయన రేకుల షెడ్డు వేయిస్తానని, టీచరు జీతం ఏడాదిపాటు భరిస్తానని అన్నాడు. మా పెద్దలు రెండుగా చీలిపోయారు. చివరికి వద్దన్నాం. బడి నాలుగు నెలలు ఆగింది. తిరిగి మొదలైనప్పుడు ఇద్దరు అక్కలు మళ్ళీ రాలేదు. వాళ్ళలో ఒకామె అప్పటికి తన పేరులో సగమే రాయడం నేర్చుకుంది.

జేన్ ఆడమ్స్‌కు కూడా ఇది తేలిగ్గా తెగిన లెక్క కాదు. 1896లో రష్యా వెళ్ళి టాల్‌స్టాయ్‌ని కలిసింది. ఆయన ఆమె గౌను చేతులు పట్టి చూసి, ఈ గుడ్డతో ఓ చిన్నపిల్లకు గౌను కుట్టవచ్చునన్నాడు. ఆమెకు ఆదాయమిచ్చే పొలాన్ని ఎవరు దున్నుతున్నారని నిలదీశాడు. ఇతరుల సొమ్ముకు మరక వెతికిన మనిషి తన సొమ్మునూ చూసుకోవలసి వచ్చింది. ఇంటికొచ్చి రోజూ రెండు గంటలు రొట్టెలు కాలుద్దామని తీర్మానించుకుంది, కాని గుమ్మంలో ఎదురుచూసే జనాన్ని చూశాక అది సాగలేదు.

మరో తప్పునూ ఆమె గమనించింది. ఇంగ్లిష్ వచ్చిన పిల్లలు ఇంగ్లిష్ రాని తల్లుల్ని చిన్నచూపు చూడసాగారు. ఏంజిలినా అనే ఇటాలియన్ అమ్మాయి, తలకు గుడ్డ కట్టుకున్న తల్లితో కలిసి హల్‌హౌస్ గుమ్మంలోంచి వచ్చేది కాదు. పాత దేశాల చేతిపనులు చూపించే ప్రదర్శనశాల ఒకటి 1900లో అక్కడ పెట్టారు. అందులో తల్లి కదురుతో నూలు వడుకుతుంటే, చదువుకున్న పెద్దలు చుట్టూ చేరి మెచ్చుకోవడం ఏంజిలినా చూసింది. ఆ తరువాత తల్లితో కలిసి ఒకే గుమ్మంలోంచి రావడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో నివాసులు కలిసి చేసుకునే ప్రార్థన కొద్దికాలానికే ఆగిపోయింది. వేర్వేరు నమ్మకాలవాళ్ళు కలిసి ఉండే ఇల్లు కాబట్టి ఆమె బలవంతపెట్టలేదు. సంఘాలు విమర్శించాయి. పాదిరిగా మాకూ అది మింగుడుపడదు, అక్కడ మేము ఆమెతో ఏకీభవించం.

మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించినందుకు పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఏళ్ళ తరబడి ఇచ్చిన దాతల్లో కొందరు చేతులు ముడుచుకున్నారు. ఆమె మాట మార్చలేదు. 1931లో నోబెల్ శాంతి బహుమతిలో సగం వచ్చింది, ఆ సొమ్ము స్త్రీల శాంతి సంస్థకు ఇచ్చేసింది. 1935 మే 21న కన్నుమూసింది. హల్‌హౌస్ ముంగిట్లోనే అంత్యక్రియల కూడిక జరిగింది, ఆ పేట జనం వేలల్లో వచ్చారు.

ఆమె పేరుతో నడిచిన సేవాసంస్థ తరువాతి కాలంలో ఎక్కువగా ప్రభుత్వ నిధుల మీద ఆధారపడి, డబ్బు చాలక 2012 జనవరిలో మూతపడింది. హాల్‌స్టెడ్ వీధిలో ఆ పాత ఇల్లు, దాని పక్కన భోజనశాల మాత్రం విశ్వవిద్యాలయం ఆవరణలో మ్యూజియంగా మిగిలాయి.