పడక మీద నుంచి పనిచేసిన నైటింగేల్

ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుల జీవితం రాయమని మన కార్యదర్శి గారు కోరగానే నాకు ఫ్లారెన్స్ నైటింగేల్ గుర్తుకు వచ్చింది. నర్సింగు స్కూల్లో దీపం పట్టుకుని ప్రమాణం చేసిన నాటి నుంచీ ఆమె పేరు వింటున్నదాన్నే. కానీ ఆ దీపం కథ రెండేళ్ళలోపేననీ, తర్వాత చాలా ఏళ్ళు ఆమె రోగిగానే గడిపిందనీ తెలిసింది మాత్రం నా నడుము చెడిన తర్వాతే.

ఆమె 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో, కలిగిన ఇంగ్లీషు కుటుంబంలో పుట్టింది. నర్సు పని పరువుగలవారు చేసేది కాదని ఇంట్లోవాళ్ళు ఎంత చెప్పినా వినలేదు. 1854 నవంబరులో 38 మంది నర్సులను వెంటబెట్టుకుని టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి చేరింది. 1855 మేలో క్రిమియాకు వెళ్ళినప్పుడు విషజ్వరం తగిలి చావు తప్పి బయటపడింది. పాల ద్వారా సోకే బ్రూసెల్లోసిస్ అయి ఉండవచ్చని ఈ కాలపు వైద్యులు కొందరంటారు. అది తగ్గినట్టే తగ్గి తిరగబెట్టే జబ్బు. 1856లో ఇంటికి చేరింది, 1857లో కుప్పకూలింది. అప్పటికి వయస్సు 37. మళ్ళీ వార్డు డ్యూటీ చేయలేదు.

అదంతా నటన అని రాసినవారూ ఉన్నారు. నాకు నమ్మబుద్ధి కాదు. ఒక రోగిని స్ట్రెచరు మీదికి ఎత్తబోయి నా నడుము పట్టేసినప్పుడు, పైకి గాయం కనబడదు గనుక, నాకూ అటువంటి మాటలే వినబడ్డాయి. లైట్ డ్యూటీ అని టీకాల రిజిస్టర్లు చేతికిచ్చిన రోజు, నేనిక నర్సును కానని శ్రీకాళహస్తిలో మా ఇంటికి వచ్చి ఏడ్చాను.

ఆమె మంచం పట్టాక చేసిన పని చూడండి. 1858లో లండన్ గణాంక సంఘంలో సభ్యత్వం పొందిన తొలి మహిళ అయింది. 1859లో నర్సింగు మీద పుస్తకం, 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం వచ్చాయి. ఆపైన మన దేశం. ఒక్కసారీ ఇక్కడ కాలు పెట్టకుండానే, సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళులు పంపించి జవాబులు రాబట్టింది. వచ్చిన కాగితాల గుట్టలన్నీ మంచం పక్కనే. ఇక్కడి బ్రిటిష్ సైనికుల్లో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 నివేదిక తేల్చింది. వారిని చంపుతున్నది తుపాకులు కాదు, చెడిన నీళ్ళు, మురుగు. పదేళ్ళలో ఆ లెక్క 18కి దిగింది.

1876-78 ధాత కరువు మన సీమను ఊడ్చేసింది. కాళహస్తి జమీందారీ అప్పట్లో ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. ఆ కరువు రోజుల్లో ఆమె రైతుల అప్పుల గురించి పత్రికకు రాసింది, కాలువలు తవ్వించాలని పట్టుబట్టింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరతో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరాలు నడిచాయి.

ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆమెకు తండ్రి ఏడాదికి 500 పౌన్లు ఇచ్చేవాడు, వండిపెట్టడానికి మనుషులుండేవారు. మన సిస్టర్లకు లైట్ డ్యూటీ దొరకాలంటే మెడికల్ బోర్డు చుట్టూ తిరగాలి, ఇంటికొచ్చి బిందె ఎత్తాలి. ఆ తేడా చిన్నది కాదు. అయినా ఆమె గురించి చదివాక, ఏ బిడ్డకు ఏ టీకా తప్పిందో రిజిస్టరులో వెతికి కబురు పంపడం మొదలుపెట్టాను. ఆ తల్లులు నన్ను సిస్టర్ అనే పిలిచారు.

ముసలితనంలో ఆమెకు చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ ఇచ్చారు, ఒక మహిళకు అది దక్కడం అదే మొదటిసారి. 1910 ఆగస్టు 13న, 90వ ఏట, లండన్‌లో కన్నుమూసింది. వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో సమాధి చేస్తామంటే కుటుంబంవారు వద్దని, సొంత ఊరి పక్క చర్చి తోటలో ఖననం చేశారు. రాతి మీద ఆమె పేరుకు రెండు పొడి అక్షరాలు, జనన మరణాల తేదీలు మాత్రమే చెక్కారు.