సెర్గీ వినోగ్రాడ్‌స్కీ జీవితము

కాలిక్రింది మట్టిని నిర్జీవమని తలచు విద్యార్థులు పెక్కుమంది గలరు. చిటికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు వసించును. ఆహారపు కలిమిలేములను బట్టి అవి తమ బ్రతుకుతీరును మార్చుకొనునని చూపిన వారిలో అగ్రగణ్యుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. ఆయన జీవితమును మే మిచ్చట సంగ్రహముగ వివరింతుము.

ఆయన 1856వ సంవత్సరమున కీవు నగరమున ఒక సంపన్న కుటుంబమున జన్మించెను. మొదట న్యాయశాస్త్రమును, పిదప పియానో వాద్యమును అభ్యసించెను గాని వానియందు మనసు నిలువలేదు. తుదకు ప్రకృతిశాస్త్రమును చేపట్టెను.

1885లో స్ట్రాస్‌బర్గు చేరి, గంధకపు ఊటలలో పెరుగు బెగ్గియటోవా యను దారమువంటి జీవిని పరిశీలించెను. కుళ్లిన గ్రుడ్ల వాసన గల హైడ్రోజన్ సల్ఫైడు నీటిలో సమృద్ధిగ నున్నప్పుడు, అది తన దేహమున గంధకపు రేణువులను నిలువచేసికొనును. ఆ వాయువు కరవైనప్పుడు నిలువను వెచ్చించి జీవించును. గాదె ఖాళీ యైనచో నశించును. ఖనిజపదార్థములనుండి శక్తిని బడయు జీవులు గలవని 1887లో ఆయన ప్రకటించెను.

అటుపిమ్మట జూరిచ్ నగరమున, అమ్మోనియాను నైట్రేటుగ మార్చు జీవులను వేరుపరుప బూనెను. సేంద్రియాహారము పెట్టి పెంచజూచిన పలువురు విఫలులై యుండిరి. ఆయన అట్టి ఆహార మేమియు లేని ద్రవమును సిద్ధపరచి 1890లో కృతార్థుడయ్యెను. గాలిలోని నత్రజనిని గ్రహించు క్లాస్ట్రీడియమును గూర్చి 1893లో పీటర్సుబర్గునుండి తెలియజేసెను. అమ్మోనియా సులభముగ దొరకినచో ఆ జీవి ఈ కష్టమైన పనికి పూనుకొనదు.

కొంతకాలమునకు ఉద్యోగము విడిచి, తన గ్రామసీమకు వెడలి, పెక్కేండ్లు పరిశోధనకు దూరమయ్యెను. 1917 నాటి విప్లవానంతరము ఆస్తిని కోల్పోయి, స్వదేశమును విడువవలసివచ్చెను. 1922లో పాస్చరు సంస్థ ఆహ్వానింపగా, అరువదియైదేండ్లు దాటిన ప్రాయమున, పారిసునకు సమీపమున నున్న బ్రీ-కోంత్-రొబేర్‌లో మరల పని నారంభించెను.

ప్రయోగశాలలో కడుపునిండ తిని పెరిగిన జీవిని చూచి, నేలలో కరవుతో బ్రతుకు జీవి స్వభావమును నిర్ణయింపరాదని ఆయన యెరిగెను. కావున మట్టినే సూక్ష్మదర్శినిక్రింద పరీక్షించెను. అందు రెండు తెగలు కనబడెను. స్థానికములైన జీవులు కొద్దిపాటి ఆహారముతో మెల్లగ, నిలుకడగ జీవించును. రెండవ తెగవి నిద్రాణములై యుండి, ఎరువుగాని ఆకుగాని నేలలో పడినతోడనే మేల్కొని వేగముగ వృద్ధిచెంది, ఆహారము తీరగనే మరల అణగిపోవును.

ఆహారము మిక్కిలి తక్కువగ నుండు భూగర్భజలమునందును ఇట్టి మార్పులు జరుగునని నేడు తెలిసినది. చమురు ఇంకి చెడిన నేలకు నత్రజనిని, భాస్వరమును చేర్చి, అందలి జీవులచేతనే దానిని శుద్ధిచేయించు పద్ధతియు నేడు గలదు.

తొంబదియేండ్లు దాటిన పిదప, 1949లో, తన మృత్తికా పరిశోధనలను బృహద్గ్రంథముగ వెలువరించి, 1953లో బ్రీ-కోంత్-రొబేర్‌లోనే ఆయన కన్నుమూసెను. సర్వమును కోల్పోయియు, అవకాశము లభించినతోడనే పూర్వపు శ్రద్ధతో పనికి గడంగిన ఈ వృద్ధుని ఓరిమి మన విద్యార్థులకు ఆదర్శము కావలయునని మా కోరిక.