రాబర్టు ఛేంబర్సు

ఛేంబర్సు అను పేరును నిఘంటువు అట్టమీద మన విద్యార్థులలో ననేకులు చూచియే యుందురు. ఆ పేరుగల ప్రచురణశాలను స్థాపించిన సోదరులిరువురిలో చిన్నవాడగు రాబర్టు చరిత్రము మిక్కిలి బోధకరమగుటచే దానిని సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

రాబర్టు 1802వ సంవత్సరము జూలై 10వ తేదీన స్కాట్లాండు దేశమందలి పీబిల్సు పట్టణమున జన్మించెను. పుట్టుకతోనే ఈయన కాలుసేతులకు ఆరేసి వ్రేళ్లుండెను. పాదములందలి అధికపు వ్రేళ్లను తీసివేసిన శస్త్రచికిత్స సరిగా కుదురకపోవుటచే బాల్యమున కుంటుచు నడిచెను. తోడివారితో ఆటలాడజాలక పుస్తకములనే చెలికాండ్రుగా జేసికొనెను. ఇంటి అటుకమీద నొక పెట్టెలో నున్న బ్రిటానికా విజ్ఞానసర్వస్వమును కనుగొని, దానిని పెన్నిధివలె నెంచి చదివెను.

తండ్రి జేమ్సు నూలుబట్టల వ్యాపారి. నెపోలియను యుద్ధములలో చిక్కి పీబిల్సున నుంచబడిన ఫ్రెంచి ఖైదీలకు ఆయన నమ్మి బట్టలు అరువిచ్చెను. వారు వెడలిపోయిరి, బాకీ తీరలేదు. వ్యాపారము చెడెను. 1813లో కుటుంబము ఎడింబరో నగరము చేరెను. మతబోధకుడు కాదగినవాడని పెద్దలు తలచిన రాబర్టునకు కళాశాల చదువు లభింపలేదు.

1818లో, 16 ఏండ్ల ప్రాయమున, ఇంటనున్న పాతపుస్తకములను, తన బడిపుస్తకములను సైతము సరకుగా బెట్టి, ఈయన లీత్ వాక్ అను వీధిలో అంగడి తెరచెను. అన్న విలియముకూడ పుస్తకముల దుకాణము పెట్టి, చిన్న చేతి అచ్చుయంత్రమొకటి కొనెను. 1821లో వారు వెలువరించిన పత్రికకు తమ్ముడు వ్రాయువాడు. అన్న అక్షరములు కూర్చి అచ్చొత్తువాడు.

1832 ఫిబ్రవరి 4వ తేదీన ఛేంబర్సు ఎడింబరో జర్నల్ అను వారపత్రిక వెలువడెను. వెల ఒకటిన్నర పెన్నీ. ఆనాటి మన అణాకు సుమారు సమానము. కూలివానికిని మంచి చదువు అందవలెనన్నదే దాని యుద్దేశము. కొలది కాలములోనే ప్రతులు 50,000 వరకు చెల్లెను.

1844లో సృష్టిచరిత్రమునుగూర్చి వెస్టిజెస్ అను గ్రంథము, కర్త పేరు లేకయే, లండనులో వెలువడెను. నక్షత్రములు, భూమి, జీవరాసులు దేవుడు నియమించిన ప్రకృతిధర్మములచేతనే క్రమక్రమముగా నేర్పడెనని అది వాదించెను. పండితులు మండిపడిరి, కేంబ్రిడ్జి ఆచార్యుడు సెడ్జివిక్కు తీవ్రముగా ఖండించెను. విద్యుత్తువలన పురుగులు పుట్టెనన్న మాటవంటి తప్పులు అందు లేకపోలేదు. అయినను లోకము దానిని విరివిగా చదివెను. అది భూమిని దున్ని సిద్ధపరచెనని తరువాత డార్విను సైతమంగీకరించెను.

ఆ గ్రంథకర్త రాబర్టే. అచ్చునకు పంపిన ప్రతిని భార్య తన చేతితో నెత్తి వ్రాసెను, రహస్యమెరిగినవారు నలువురైదుగురే. పేరు దాచుటకు కారణమడిగిన అల్లునికి, తన పదునొకండుగురు బిడ్డలున్న ఇంటిని చూపి, అన్ని కారణములున్నవని చెప్పెనట. అన్న ప్రచురణశాలయు, దానిని నమ్ముకొన్న పనివారును గలరు. అనుమానము ముదురుటచే 1848లో ఎడింబరో నగరాధ్యక్ష పదవికి పోటీనుండి విరమించుకొనెను.

1860లో ఆక్సుఫర్డు సభనుండి మరలిపోనున్న హక్సలీని వీధిలో కలిసికొని, నిలిచి వాదింపుమని వేడుకొన్నవాడీయనయే. ఆ హక్సలీయే 1854లో వెస్టిజెస్‌ను కఠినముగా దూషించియుండెను! తాను ఎలుగెత్తజాలని సత్యమును మరియొకరైనను పలుకవలెనని ఈయన కోరెను.

బుక్ ఆఫ్ డేస్ అను బృహద్గ్రంథపు శ్రమచే ఆరోగ్యము చెడి, 1871 మార్చి 17వ తేదీన సెయింట్ ఆండ్రూస్‌లో మరణించెను. 1884లో గాని లోకమునకు ఆ రహస్యము తెలియలేదు.

ఈ మౌనమును పిరికితనమందురా? మేమట్లనజాలము. అయినను దానివలన ఈయన తన కృషికి రావలసిన కీర్తిని జీవితకాలమున కోల్పోయెననుట నిశ్చయము. విద్యార్థులారా, బీదవానికి ఒక అణాకు విద్య నందించినవాడు, తన మాటకు తన పేరు పెట్టలేకపోయెను. నిజము వెదకువాడు పేరు దాచుకొనవలసిన అవసరము లేని సంఘమును నిర్మించుట మనందరి విధియని మా విన్నపము.