హోటళ్ల అధిపతి వీలునామా

పెద్ద హోటళ్ల పేర్లు చెప్పమంటే హిల్టన్ పేరు చెప్పనివారు తక్కువ. ఆ పేరు ఒక కథోలికునిదని మన విచారణలలో ఎందరికి తెలుసు?

కాన్రాడ్ హిల్టన్ 1887 డిసెంబరు 25న, సరిగ్గా క్రిస్మస్ నాడు, అమెరికాలోని న్యూ మెక్సికో ప్రాంతంలో సాన్ అంటోనియో అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి నార్వే నుండి వలస వచ్చిన వ్యాపారి, లూథరన్. తల్లి మేరీ భక్తిగల కథోలిక స్త్రీ. కష్టపడమని తండ్రి, ప్రార్థించమని తల్లి చెప్పేవారు. 1907 ఆర్థిక సంక్షోభంలో వ్యాపారం దెబ్బతిన్నప్పుడు ఆ కుటుంబం సొంత ఇంటి గదులనే బాటసారులకు అద్దెకిచ్చింది. రాత్రివేళ రైలుకు ఎదురు వెళ్లి, దిగినవారిని ఇంటికి పిలుచుకొచ్చే పని కాన్రాడ్‌ది.

మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక, 1919లో టెక్సాస్‌లోని సిస్కో పట్టణంలో ఒక బ్యాంకు కొనబోయారు. అమ్మేవాడు చివరి నిమిషంలో ధర పెంచాడు. విసిగి మోబ్లీ అనే 40 గదుల హోటల్‌కు వెళ్తే, అక్కడ చమురు బావుల పనివారు పడకల కోసం తోసుకుంటున్నారు. ఒకే మంచం ఎనిమిదేసి గంటల లెక్కన రోజుకు ముగ్గురికి అద్దెకు పోతోంది. బ్యాంకు మాట మరచి ఆ హోటలే కొన్నారు. భోజనశాలను కూడా పడక గదులుగా మార్చారు. ఖాళీగా పడి ఉన్న అడుగు స్థలం కూడా ఆయన కంటికి ఆనేది కాదు. చాలా ఏళ్ల తరువాత న్యూయార్క్‌లోని వాల్‌డార్ఫ్ ఆస్టోరియా చేతికి వచ్చినప్పుడు, అక్కడి భారీ స్తంభాలు కొన్ని అలంకారానికే ఉన్నాయని, లోపల డొల్ల అని కనిపెట్టి, వాటికి అద్దాల అరలు పెట్టించి నగల వర్తకులకు, అత్తరు వర్తకులకు అద్దెకిచ్చారు!

1930 తరువాతి మహామాంద్యంలో ఆయన హోటళ్లు ఒక్కొక్కటిగా చేజారాయి. అప్పులవాళ్లు చుట్టుముట్టారు. తిండి ఖర్చుకైనా ఉంచుకోమని, సామాను మోసే ఒక పనివాడు తాను దాచుకున్న 300 డాలర్లు ఆయన చేతిలో పెట్టాడు. యజమాని మీద పనివానికి అంతటి నమ్మకం ఊరకే కలగదు. ఆ రోజుల్లోనే పత్రికలో పడిన వాల్‌డార్ఫ్ బొమ్మ కత్తిరించి దగ్గర ఉంచుకున్నారు. 1945లో షికాగోలోని 3,000 గదుల స్టీవెన్స్, 1949లో ఆ వాల్‌డార్ఫ్, 1954లో 11 కోట్ల 10 లక్షల డాలర్లకు స్టాట్లర్ హోటళ్లు ఆయన పరమయ్యాయి. 1949లోనే ప్యూర్టో రికోలో మరో పద్ధతి మొదలుపెట్టారు. భవనం అక్కడి ప్రభుత్వం కట్టింది, నిర్వహణ హిల్టన్‌ది, లాభం ఇద్దరికీ. సొంత డబ్బు అంతగా దింపకుండా విదేశాలలో విస్తరించడానికి ఆ దారి పనికొచ్చింది. 1955లో ఇస్తాంబుల్‌లోనూ హిల్టన్ హోటల్ వెలిసింది.

ఇంటి సంగతి వేరు. భార్య మేరీ బారన్‌తో 1934లో విడిపోయారు, ముగ్గురు కుమారులు. 1942లో నటి జా జా గాబోర్‌ను తిరుసభకు వెలుపల పెళ్లాడారు. మొదటి భార్య బ్రతికి ఉండగా తిరుసభ దానిని వివాహంగా ఎంచలేదు. ఆయన దివ్యసత్ప్రసాదానికి దూరమయ్యారు. ఆ పెళ్లి కొన్నేళ్లకే ముగిసింది. తల్లి నేర్పిన ప్రార్థనను వదలని మనిషికి ఆ ఎడబాటు ఎంత బాధించిందో ఆయన తన ఆత్మకథలో దాచలేదు. గొప్పవారి గూర్చి రాసేటప్పుడు ఇటువంటివి దాటవేయడం నాకు నచ్చదు. దివ్యపూజలో చివరి బల్లమీద కూర్చుని, సత్ప్రసాదానికి లేవలేనివారు మన విచారణలలోనూ ఉన్నారు.

1979 జనవరి 3న, 91వ ఏట, హిల్టన్ మరణించారు. వీలునామా తెరిస్తే, కుటుంబానికి కొద్దిపాటి భాగమే. ఆస్తిలో అధికభాగం తాను 1944లో స్థాపించిన ధర్మసంస్థకు. బాధలో ఉన్నవారిని ఆదుకోవాలనీ, జీవితమంతా పరుల కొరకు ధారపోసే మఠకన్యలకు ప్రత్యేకంగా సహాయం చేయాలనీ ఆదేశించారు. ఆయన దృష్టిలో వారి సేవ అంత విలువైనది. కుమారుడు బారన్ వాటాల కోసం కోర్టుకెక్కారు. దావా 1988లో రాజీతో ముగిసింది. మఠకన్యల కోసం 1986లో ప్రత్యేక నిధి ఏర్పడింది. ఆ బారన్ కూడా తన ఆస్తిలో దాదాపు 97 శాతం అదే ధర్మసంస్థకు రాసి, 2019లో కన్నుమూశారు.